పొందూరు రాట్నం ముందు ‘ఈజ్’ ఎందుకు జారిపోతోంది?

ప్రశ్న: పొందూరు ఖద్దరు

అందరికీ నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. బీకాం చదివి, ప్రస్తుతం ఊళ్లోనే ఒక ఖద్దరు దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. మా సన్నఖాదీ ఎలా తయారవుతుందో చూడడానికి బయటి రాష్ట్రాల నుంచి, అప్పుడప్పుడు విదేశాల నుంచి కూడా మనుషులు వస్తూ ఉంటారు. వారిని నూలు వడికే ఇళ్లకు తీసుకువెళ్లి, అక్కడి పనిని ఇంగ్లీషులో వివరించే బాధ్యత రెండు నెలలుగా నా మీద పడింది. వివరించవలసినదంతా కళ్లెదుటే జరుగుతూ ఉంటుంది కాబట్టి, నాకు అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది ప్రెజెంట్ కంటిన్యూయస్ టెన్స్.

ఈ టెన్స్ సూత్రం నాకు ఆరో తరగతి నుంచి కంఠతా వచ్చు. కర్త తర్వాత యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి, ఆ తర్వాత క్రియకు ఐఎన్‌జీ చేర్చాలి. ఖాళీలు పూరించమంటే ఒక్క మార్కు కూడా పోదు. కానీ మనిషి ఎదురుగా నిలబడి వింటున్నప్పుడు ఆ సూత్రం నోటికి అందడం లేదు.

గత వారం ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. మా అమ్మ అప్పుడు గడప పక్కన పీట వేసుకుని, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతోంది. ఆ దవడకు ఉండే సన్నటి పళ్ల మధ్య నుంచి పీచు సాఫుగా జారుతుంటే, చెత్తా నలకా ఒడిలో రాలిపోతున్నాయి. నేను ఆవిడతో “షీ క్లీనింగ్ ది కాటన్” అన్నాను. తర్వాత అమ్మ అనుభవం గురించి చెబుతూ “మై మదర్ ఈజ్ స్పిన్నింగ్ ఫ్రమ్ థర్టీ ఇయర్స్” అన్నాను. రాట్నం మీద సాగుతున్న పోగును చూపించి “ఆర్ యూ సీయింగ్ ది థ్రెడ్?” అని అడిగాను. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నారు. వెళ్లేటప్పుడు నా మూడు వాక్యాలనూ ఒక కాగితం మీద సరిచేసి రాసి, ఎంతో మర్యాదగా నా చేతిలో పెట్టారు.

“షీ ఈజ్ క్లీనింగ్ ది కాటన్.” “మై మదర్ హ్యాజ్ బీన్ స్పిన్నింగ్ ఫర్ థర్టీ ఇయర్స్.” “కెన్ యూ సీ ది థ్రెడ్?”

సరైన వాక్యాలేవో తెలిశాయి గానీ, నావి ఎందుకు తప్పయ్యాయో తెలియలేదు. మొదటి దానిలో ‘ఈజ్’ వదిలేశాను. రెండో దానిలో ‘ఈజ్’ పెట్టినా తప్పే అయింది. మూడో దానిలో అసలు ఐఎన్‌జీయే రాకూడదట. తెలుగులో మూడు చోట్లా ‘తున్న’, ‘తోంది’ అనే కదా అంటాం? ఈ చిక్కును విడదీసి చెప్పగలవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరించగలరు.


జవాబు: విజయనగరం మాస్టారు

బాబూ, చాలా మంచి ప్రశ్న వేశావు. నేను విజయనగరంలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి రిటైరయ్యాను. సూత్రం అప్పజెప్పిన పిల్లలే మాట్లాడేటప్పుడు ‘ఈజ్’ను మింగేయడం నేను ప్రతి సంవత్సరం చూశాను. దానిని అశ్రద్ధ అని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే ఆ తప్పు వెనుక మన భాష అలవాటు ఉంది.

తెలుగులో “ఆవిడ మా అమ్మ”, “ఈ పత్తి తెల్లన”, “నేను గుమస్తాని” అంటే వాక్యం పూర్తవుతుంది, క్రియే అక్కరలేదు. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘ఈజ్’ గానీ ‘యామ్’ గానీ కావాలి. పుట్టినప్పటి నుంచి అది లేకుండా మాట్లాడిన నోరు, “షీ” తర్వాత దానికోసం వెతకదు. దీనికి తోడు, ఇంగ్లీషు వాళ్లు వేగంగా మాట్లాడేటప్పుడు “షీ ఈజ్” అన్న రెండు మాటలు “షీజ్” అన్న ఒక్క ముక్కగా కుదించుకుపోతాయి. ఆ చివరి ‘జ్’ మన చెవికి సరిగా ఆనదు. వినని దానిని పలకడం ఎవరికైనా కష్టమే.

అయితే నువ్వు చెప్పదలచుకున్న వాక్యంలో మాత్రం తెలుగులో కూడా ఆ ‘ఈజ్’ ఉంది, కాకపోతే కలిసిపోయి ఉంది. “వడుకుతున్నాను” అన్న మాటను విడదీసి చూడు: వడుకుతూ, ఉన్నాను. హైస్కూలులో తెలుగు మాస్టారు శత్రర్థకం అని చెప్పి ఉంటారు, జ్ఞాపకం తెచ్చుకో. “వడుకుతూ” శత్రర్థకం, అదే నీ “స్పిన్నింగ్”. మిగిలిన “ఉన్నాను” ఏమిటి? అదే నీ “యామ్”. “ఉన్నాను” అంటే యామ్, “ఉన్నాడు, ఉంది” అంటే ఈజ్, “ఉన్నావు, ఉన్నాం, ఉన్నారు” అంటే ఆర్. రెండు భాషలూ ఒకే రెండు ముక్కలతో ఈ కాలాన్ని కట్టుకున్నాయి. మనం “ఉన్నాను”ను చివర పెట్టి అతికిస్తాం, వాళ్లు ముందు పెట్టి విడిగా ఉంచుతారు. మన ఊళ్లలో “ఏటి సేస్తన్నావు?” అని అడిగినప్పుడు కూడా ఆ చివరి “న్నావు”లో “ఉన్నావు” బతికే ఉంది. దానిని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడే పారేసుకుంటున్నాం.

అందుకని నా విద్యార్థుల చేత నేను చేయించిన సాధననే నీకూ చెబుతున్నాను. ఒక పదిహేను రోజుల పాటు, ఇంగ్లీషు వాక్యం పలికే ముందు దాని తెలుగును విడదీసి మనసులో అనుకో. “అమ్మ పత్తి శుభ్రం చేస్తోంది” అని కాక “అమ్మ పత్తి శుభ్రం చేస్తూ, ఉంది” అని అనుకో. అప్పుడు “షీ క్లీనింగ్ ది కాటన్” అనగానే నీ చేతిలో ఒక “ఉంది” మిగిలిపోతుంది. దానిని ఎక్కడ పెట్టాలో నీకే తోస్తుంది.

వ్యతిరేక వాక్యానికి కూడా ఇదే దారి చూపుతుంది. “అమ్మ ఈరోజు వడకడం లేదు” అన్నప్పుడు ఆ “లేదు” ఎవరికి వ్యతిరేకం? “ఉంది”కి. కాబట్టి ‘ఈజ్’కు వ్యతిరేకం ‘ఈజ్ నాట్’: “షీ ఈజ్ నాట్ స్పిన్నింగ్ టుడే.” అదే “అమ్మ ఆదివారం వడకదు” అంటే అందులో “లేదు” లేదు, అందువల్ల అక్కడ ‘ఈజ్’కు చోటు లేదు: “షీ డజ్ నాట్ స్పిన్ ఆన్ సండేస్.” ‘డోంట్’ ఎక్కడ పెట్టాలి, ‘ఈజ్ నాట్’ ఎక్కడ పెట్టాలి అని తడబడేవారికి ఈ ఒక్క “లేదు” చాలాకాలం అండగా నిలుస్తుంది.

ప్రశ్నల దగ్గర మాత్రం తెలుగు సాయం చేయదు. “మీరు ఎక్కడికి వెళ్తున్నారు?” అన్నప్పుడు మన మాటలు స్థానం మారవు కాబట్టి మనవాళ్లు “వేర్ యూ ఆర్ గోయింగ్?” అంటారు. ఇంగ్లీషులో ‘ఆర్’ కర్తను దాటి ముందుకు రావాలి: “వేర్ ఆర్ యూ గోయింగ్?” దీనికి అలవాటు తప్ప వేరే మార్గం లేదు.

ఇక మీ పనిలో నువ్వు జాగ్రత్తగా గమనించవలసిన తేడా ఇంకొకటి ఉంది. “పొందూరులో పత్తిని చేప దవడతో దువ్వుతారు” అన్నది ఎప్పటికీ ఉండే పద్ధతి. తెలుగు వ్యాకరణంలో దానిని తద్ధర్మం అంటారు. “సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు” అన్నది దానికి బడిలో చెప్పే ఉదాహరణ. ఇంగ్లీషులో తద్ధర్మానికి సింపుల్ ప్రెజెంట్ వాడతారు: “వి క్లీన్ ది కాటన్ విత్ ఎ ఫిష్ జా.” వచ్చినవారికి పద్ధతి చెబుతున్నప్పుడు “వి క్లీన్”, అమ్మ వైపు చెయ్యి చూపించి చెబుతున్నప్పుడు “షీ ఈజ్ క్లీనింగ్”. ఈ రెండూ కలగలిసిపోతే, నువ్వు మీ ఊరి ఆచారం గురించి చెబుతున్నావో, ఆ క్షణంలో జరుగుతున్న పని గురించి చెబుతున్నావో వినేవారికి అర్థం కాదు.

మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని తాము ఆ భాష నేర్చుకుని, దానికి పుస్తకాలు తయారు చేశారు. పిల్లవాడి నోట ఉన్న భాషను ఆధారంగా తీసుకుంటేనే కొత్త చదువు నిలుస్తుందన్న ఆ నమ్మకం ఇంగ్లీషు బోధనకూ వర్తిస్తుందని నేను మనసారా నమ్ముతాను. తెలుగును పక్కకు నెట్టి ఇంగ్లీషు నేర్పాలనుకోవడం వల్లనే సూత్రం పుస్తకంలో ఉండిపోయి, మాట నోటికి రాకుండా పోతోంది.


జవాబు: టెక్కలి టీచర్

మాస్టారు గారు మొదటి వాక్యాన్ని పూర్తిగా వివరించారు కాబట్టి నేను మిగిలిన రెండింటి గురించి రాస్తాను. నేను హైస్కూలులో ఇంగ్లీషు చెబుతున్నాను.

తమ్ముడూ, ముందుగా “ఆర్ యూ సీయింగ్ ది థ్రెడ్?” సంగతి చూద్దాం. నువ్వు తెలుగులో అనుకున్నది “మీకు పోగు కనిపిస్తోందా?” అనే కదా? ఆ వాక్యంలో “మీరు” లేదు, “మీకు” ఉంది. తెలుగులో మనిషి తానుగా చేసే పనికి “నేను” అంటాం, తన ప్రమేయం లేకుండా తనకు కలిగే దానికి “నాకు” అంటాం. “నేను చూస్తున్నాను” అంటే నేను చేస్తున్న పని. “నాకు కనిపిస్తోంది” అంటే నాకు కలుగుతున్నది. ఇంగ్లీషులో ఐఎన్‌జీ ఇష్టపడేది మొదటి రకాన్నే. “నేను వింటున్నాను” అంటే “ఐ యామ్ లిజనింగ్”. “నాకు వినిపిస్తోంది” అంటే “ఐ కెన్ హియర్”. “నాకు అర్థమవుతోంది” అంటే “ఐ అండర్‌స్టాండ్”. తెలుగులో “తోంది” ఉన్నా సరే, ఇక్కడ “ఐ యామ్ అండర్‌స్టాండింగ్” అనకూడదు. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు పిల్లలున్నారు అనే వాక్యాలన్నీ ఈ కోవలోవే. “ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్” అని ఎందుకు అనకూడదో నా తరగతిలో ఈ “నాకు” పట్టుకునే చెబుతాను, పిల్లలు వెంటనే గ్రహిస్తారు. అదే “నేను భోజనం చేస్తున్నాను” అయితే అది పని కాబట్టి “ఐ యామ్ హ్యావింగ్ లంచ్” అని నిస్సంకోచంగా అనవచ్చు.

ఇది ఎక్కడా తప్పని సూత్రమని చెప్పను. “నాకు ఆకలి వేస్తోంది” వంటి ఒంటికి సంబంధించిన మాటల్లో “ఐ యామ్ ఫీలింగ్ హంగ్రీ” అనడం సరైనదే. మరోవైపు “నేను అనుకుంటున్నాను” అన్నచోట “నేను” ఉన్నా ఐఎన్‌జీ రాదు. “ఈ చీర మీకు నప్పుతుందని అనుకుంటున్నాను” అంటే “ఐ థింక్” అనాలి. ఇక్కడ తెలుగే ఇంకో ఆనవాలు ఇస్తుంది: అభిప్రాయమైతే “అనుకుంటున్నాను” అంటాం, బుర్రకు పని చెబుతుంటే “ఆలోచిస్తున్నాను” అంటాం. ఈ రెండోదానికే “ఐ యామ్ థింకింగ్” సరిపోతుంది. దుకాణంలో కొనడానికి వచ్చినవారు “ఐ యామ్ థింకింగ్” అన్నారంటే ఇంకా ఆలోచనలో ఉన్నారని అర్థం, కాబట్టి వారికి కాస్త సమయం ఇవ్వాలి.

ఇక ముప్పై ఏళ్ల సంగతి. మన “తున్న” ఇంగ్లీషు ఐఎన్‌జీ కంటే విశాలమైనది. “అమ్మ ఇప్పుడు వడుకుతోంది” అన్నా, “అమ్మ ముప్పై ఏళ్లుగా వడుకుతోంది” అన్నా మనకు క్రియ మారదు. ఇంగ్లీషు మాత్రం వెనక నుంచి సాగివచ్చిన పనికి వేరే రూపం పెట్టుకుంది: “హ్యాజ్ బీన్ స్పిన్నింగ్”. వాక్యంలో “ఏళ్లుగా”, “నెలలుగా”, “నుంచి” అన్న మాటలు కనిపించాయంటే ‘ఈజ్’ దగ్గర ఆగి, ‘హ్యాజ్ బీన్’ కావాలేమో చూసుకోవాలి. “నుంచి” కదా అని ‘ఫ్రమ్’ పెట్టడం మనందరం చేసే పొరపాటు. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’ పెట్టాలి: “ఫర్ థర్టీ ఇయర్స్”, “సిన్స్ 1995”. నీ ప్రశ్నలోనే “రెండు నెలలుగా నా మీద పడింది” అని రాశావు. దానిని ఇంగ్లీషులో చెప్పి చూడు, మంచి అభ్యాసమవుతుంది: “ఐ హ్యావ్ బీన్ డూయింగ్ దిస్ వర్క్ ఫర్ టూ మంత్స్.”


జవాబు: బొబ్బిలి నుంచి ఒక చదువరి

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక చిన్న సంగతి చేర్చాలని ఉంది. ప్రశ్న అడిగినవారు జాగ్రత్తగా “దువ్వుతోంది” అని రాశారు, కానీ మనలో చాలామందికి “వస్తోంది”, “వస్తుంది” అన్న రెండు మాటల మధ్య తేడా చెరిగిపోయింది. బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నప్పుడు కూడా “బండి వస్తుంది” అంటాం, రోజూ ఆరింటికి వచ్చే బండి గురించి కూడా “వస్తుంది” అనే అంటాం. ఒక్క ఓత్వం పోయేసరికి జరుగుతున్నదేదో, ఎప్పుడూ జరిగేదేదో మన మాటలోనే తెలియకుండా పోతోంది. ఇక ఇంగ్లీషులో “ఈజ్ కమింగ్” అనాలో “కమ్స్” అనాలో ఎలా తేలుతుంది?

ఇటువంటి సందేహం వచ్చినప్పుడు నేను కర్తను మగవాడిగా మార్చి చూసుకుంటాను. “అమ్మ వడుకుతుంది” అన్న వాక్యంలో అమ్మ స్థానంలో నాన్నను పెడితే “నాన్న వడుకుతాడు” అనిపిస్తుందా, “నాన్న వడుకుతున్నాడు” అనిపిస్తుందా? మొదటిదైతే “స్పిన్స్”, రెండోదైతే “ఈజ్ స్పిన్నింగ్”. పుంలింగంలో ఈ రెండు రూపాలూ దూరంగా ఉంటాయి కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు.


ప్రశ్న అడిగినవారు: పొందూరు ఖద్దరు

మాస్టారికి, మేడమ్ గారికి, బొబ్బిలి వారికి నా హృదయపూర్వక నమస్కారాలు. నిన్న సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని, ఆమె చేస్తున్న ప్రతి పనినీ ముందు తెలుగులో విడదీసి, తర్వాత ఇంగ్లీషులో పైకి అన్నాను. “అమ్మ ఏకు పట్టుకుంటూ ఉంది, షీ ఈజ్ హోల్డింగ్ ది కాటన్. అమ్మ ఎడమ చెయ్యి వెనక్కి లాగుతూ ఉంది, షీ ఈజ్ పుల్లింగ్ హర్ లెఫ్ట్ హ్యాండ్ బ్యాక్. పోగు తెగింది, ఆమె అతుకుతూ ఉంది, షీ ఈజ్ జాయినింగ్ ది థ్రెడ్.” అరగంటలో ‘ఈజ్’ రెండుసార్లు మాత్రమే జారింది. జారిన రెండుసార్లూ నాకే వినిపించింది. ఇంతకుముందు అది జారిన సంగతే నాకు తెలిసేది కాదు.

రెండు సందేహాలు మిగిలాయి. కాగితం మీద ‘స్పిన్నింగ్’లో ఎన్ రెండుసార్లు రాశారు, ‘క్లీనింగ్’లో ఒక్కసారే రాశారు. ఎందుకని? రెండోది, మగ్గం దగ్గరికి వెళ్లినప్పుడు “ఇక్కడ చీర తయారవుతోంది” అని చెప్పాలి. నేసేవాళ్ల గురించి కాక చీర గురించే చెప్పాలనుకున్నప్పుడు “ది శారీ ఈజ్ వీవింగ్” అనవచ్చా?


జవాబు: విజయనగరం మాస్టారు

సంతోషం బాబూ. జారినది నీ చెవికే వినిపిస్తోందంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి సందేహానికి జవాబు చిన్నదే. ‘స్పిన్’లో చివరి హల్లుకు ముందు ఒకే అచ్చు అక్షరం ఉంది కాబట్టి ఆ హల్లు రెట్టిస్తుంది. ‘క్లీన్’లో ఈ, ఏ అని రెండు అచ్చులున్నాయి కాబట్టి రెట్టించదు. ‘వీవ్’ చివర ఈ అక్షరం ఉంది, ‘వీవింగ్’లో అది పోతుంది. రెండు భాగాలుగా పలికే మాటలలో ఊనిక, అంటే నొక్కి పలకడం, ఏ భాగం మీద పడుతుందో చూడాలి: ‘బిగిన్’లో చివరి భాగం మీద పడుతుంది కాబట్టి ‘బిగినింగ్’లో ఎన్ రెండుసార్లు రాస్తాం, ‘ఓపెన్’లో మొదటి భాగం మీద పడుతుంది కాబట్టి ‘ఓపెనింగ్’లో ఒక్కసారే రాస్తాం.

రెండో సందేహం మాత్రం నాకు ఎంతో నచ్చింది. చీర తనంతట తాను నేయదు కాబట్టి “ది శారీ ఈజ్ వీవింగ్” అంటే చీరే మగ్గం ముందు కూర్చున్నట్టు వినిపిస్తుంది. “ది శారీ ఈజ్ బీయింగ్ వోవెన్” అనాలి. “నేయబడుతూ ఉంది” అని విడదీస్తే, “ఉంది” స్థానంలో ‘ఈజ్’, “బడుతూ” స్థానంలో ‘బీయింగ్’, “నేయ” స్థానంలో ‘వోవెన్’ కూర్చుంటాయి. తెలుగులో ఎవరూ ఇలా “బడు” పెట్టి మాట్లాడరు, అది మన నోటికి ఇంపుగా ఉండదు. అయినా ముక్కలు గుర్తుపట్టడానికి ఒకసారి అలా విడదీసుకోవడంలో తప్పు లేదు. నువ్వు అడిగినటువంటి వాక్యం ఒకప్పుడు ఇంగ్లీషులోనూ చెల్లింది. ఇల్లు కట్టబడుతోంది అనడానికి వాళ్లు “ది హౌస్ ఈజ్ బిల్డింగ్” అనేవారు. “ఈజ్ బీయింగ్ బిల్ట్” అన్న రూపం 18వ శతాబ్దం చివరి భాగంలో కనిపించడం మొదలై, 19వ శతాబ్దంలో స్థిరపడింది. దానిని వికారమైన ప్రయోగమని ఆక్షేపించిన ఇంగ్లీషు పండితులు కూడా అప్పట్లో ఉన్నారు.


ప్రశ్న అడిగినవారు: పొందూరు ఖద్దరు

మాస్టారూ, రేపు వచ్చేవారి కోసం ఈ నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఒకసారి చూసి చెప్పండి.

“దిస్ కాటన్ ఈజ్ కమింగ్ ఫ్రమ్ అవర్ విలేజెస్. మై మదర్ ఈజ్ క్లీనింగ్ ఇట్ విత్ ఎ ఫిష్ జా. షీ హ్యాజ్ బీన్ డూయింగ్ దిస్ ఫర్ థర్టీ ఇయర్స్. ఇన్ ది నెక్స్ట్ హౌస్, ఎ శారీ ఈజ్ బీయింగ్ వోవెన్.”


జవాబు: విజయనగరం మాస్టారు

చివరి మూడూ సరిగ్గా ఉన్నాయి, అలాగే చెప్పు. మొదటిదానిలో “పత్తి మా పల్లెల నుంచి వస్తోంది” అని అనుకుని ‘ఈజ్ కమింగ్’ పెట్టావు. ఆ పత్తి ఈ క్షణంలో బండి మీద దారిలో లేదు కదా, ఏటేటా అక్కడి నుంచే వస్తుంది. ఇది తద్ధర్మం కాబట్టి “దిస్ కాటన్ కమ్స్ ఫ్రమ్ అవర్ విలేజెస్” అని మార్చుకో.